ఉత్తరము మనది – చిరునామా ఎవరిది?



గత వర్షాకాలములో ఒక సాయంకాలము బిలాస్‌పూర్ బుధ్వారీ బజారు సమీపమున ఉన్న మా యూనియను కార్యాలయమునకు ఒక వృద్ధుడు వచ్చి కూర్చున్నాడు. శ్రీకాకుళం జిల్లా నుండి పడుచు వయస్సులో వచ్చి, గ్యాంగులో చేరి, ముప్పది ఆరు సంవత్సరములు పట్టాల మీద పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. సంచిలో ఆసుపత్రి బిల్లులు. భార్యకు జరిగిన ఆపరేషనుకు తాను అప్పు చేసి చెల్లించిన ఒక లక్షా పద్దెనిమిది వేల రూపాయలు తిరిగి ఇప్పించమని దరఖాస్తు పెట్టుకొని పది నెలలు గడిచినవి. వెళ్ళి అడుగగా, "మీ కాగితములలో లోపము కలదని ఈమెయిలు పంపినాము. గడువు లోపల జవాబు రాలేదు. ఫైలు మూసివేసినాము" అని చెప్పినారట.

"నాకు మెయిలేటి బావూ? ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే తీసుకోమన్నారు. ఇంటర్నెట్ కొట్టులో కుర్రోడు ఏదో ఒకటి తెరిచి రాసేసినాడు. తాళం ఆడికే తెలుసు. ఇప్పుడా కొట్టూ లేదు, ఆ కుర్రోడూ లేడు" అన్నాడు ఆయన.

"పోనీ మావయ్యా, ఫారం నకలు ఉన్నదా?" అని అడిగినాను. ఉన్నది. అందులోని చిరునామాను పట్టుకొని మా కార్యాలయపు కంప్యూటరులో ఆ పెట్టెను తెరవ యత్నించినాము. సంకేతపదము తెలియదు. ఫోను నంబరుకు అంకెలు పంపెదమనినది యంత్రము. ఆ నంబరు రీఛార్జి లేక ఎప్పుడో రద్దయి, మరియొకరి చేతికి పోయినది. ఆ కంపెనీకి బిలాస్‌పూరులో కార్యాలయము లేదు. కౌంటరు లేదు. ఫిర్యాదు పుస్తకము లేదు. మాట్లాడుటకు మనిషి లేడు. ఉత్తరము మాత్రము ఆ పెట్టెలోనే భద్రముగా ఉన్నది. ఎవరి కొరకు వ్రాయబడినదో అతడే దానిని చదువజాలడు.

ఆ కేసును యూనియను తిరిగి తెరిపించినది. పోరాటము ముగియలేదు గాని ఫైలు కదలినది. అయితే ఆ రాత్రి నుండి నన్నొక ప్రశ్న విడువకున్నది. మన జీతము, పాసు, వైద్యము, పింఛను ఒక చిరునామా మీద ఆధారపడి ఉన్నప్పుడు, ఆ చిరునామా ఎవరిది? ఈ వ్యాసము ఆ ప్రశ్నను మీ ముందుంచుటకే.

రెండు చేతులు మోసిన ఉత్తరము

బిలాస్‌పూరులోని తెలుగువారికి ఉత్తరపు విలువ వేరుగా చెప్పనక్కరలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే దినములలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతముల నుండి పని కొరకు వచ్చిన కుటుంబములు ఇచ్చట స్థిరపడినవి. 1931లో రాయపూర్–విజయనగరం మార్గము పూర్తియైన పిదప రాకపోకలు పెరిగినవి. ఇంటి నుండి వచ్చు కార్డు ముక్కను రైల్వే ఉద్యోగి నడిపిన బండిలో, ఆర్.ఎం.ఎస్. ఉద్యోగి రాత్రంతా మేల్కొని వేరు చేయగా, పోస్టుమాన్ క్వార్టరు గుమ్మము వద్దకు తెచ్చి ఇచ్చెడివాడు. ఈ పత్రికను చదువు రెండు శాఖల ఉద్యోగులు ఒకే ఉత్తరమును మోసిన రెండు చేతులు.

ఆ ఏర్పాటులో కొన్ని హక్కులు ఇమిడి ఉండెను. చిరునామా మనిషిది. మనిషి ఇల్లు మారినచో, అర్జీ పెట్టుకొనగా, ఉత్తరము క్రొత్త ఇంటికి మళ్ళింపబడెడిది. పొందువాడు దొరకనిచో పంపినవానికి తిరిగి వచ్చెడిది. పంపినవాని ఆచూకీ సయితము తెలియనిచో, దానిని విప్పి చూచి చేర్చుటకు రిటర్న్డ్ లెటర్ ఆఫీసు అను ప్రత్యేక విభాగమే ఉండెను. రిజిస్ట్రీ ఉత్తరమునకు అందినట్లు సంతకము ఉండెను. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో విలీనమైనను, "పంపినాము" అనుట వేరు, "అందినది" అనుట వేరు అను న్యాయము తపాలా వ్యవస్థకు పునాది. ఈమెయిలులో ఆ న్యాయము తలక్రిందులైనది. పంపినవాడు మీట నొక్కినంతనే అతని బాధ్యత తీరినదట. అందుకొనలేకపోయిన నేరము మాత్రము వృద్ధ పింఛనుదారునిది!

కంపెనీల పోటీ – దాని అసలు స్వరూపము

ఈమెయిలు, శోధన సేవల రంగములో కంపెనీల మధ్య తీవ్రమైన పోటీ కలదనియు, పోటీ వలన వినియోగదారునికి మేలు కలుగుననియు మనకు తరచుగా బోధింపబడుచున్నది. ఆ పోటీ చరిత్రను ఒకమారు పరికింతము.

1994లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులిద్దరు యాహూను ప్రారంభించినారు. 1995 డిసెంబరులో ఆల్టావిస్టా అను సెర్చ్ ఇంజను వచ్చినది. 1996 జులై 4న సబీర్ భాటియా, జాక్ స్మిత్ అనువారు హాట్‌మెయిల్‌ను ఉచితముగా అందించినారు. ఏడాదిన్నర తిరుగక మునుపే, 1997 డిసెంబరులో, మైక్రోసాఫ్ట్ దానిని సుమారు 40 కోట్ల డాలర్లకు కొనివేసినది. 1998లో గూగుల్ కంపెనీ పుట్టినది. మన దేశములోను ఉత్సాహము తక్కువేమీ కాదు. ముంబయి నుండి రెడిఫ్ తన మెయిలు సేవను నడిపినది. 1999లో సత్యం ఇన్ఫోవే కంపెనీ, ఖోజ్ అను శోధన సేవను నడుపుచుండిన ఇండియావరల్డ్ సంస్థను 499 కోట్ల రూపాయలకు కొన్నది. ఖోజ్ పేరు నేటి యువ ఉద్యోగులలో ఎందరికి తెలియును?

2004 ఏప్రిల్ 1న గూగుల్ తన జీమెయిలును ప్రకటించినది. అప్పటికి హాట్‌మెయిల్ ఉచితముగా ఇచ్చు చోటు 2 ఎం.బి.; యాహూ ఇచ్చునది 4 ఎం.బి. గూగుల్ ఏకముగా 1 జి.బి. ఇచ్చెదనన్నది. అనగా హాట్‌మెయిల్ కంటె ఐదువందల రెట్లు! ఏప్రిల్ ఒకటవ తేదీ గనుక లోకము దానిని పరిహాసమనుకొన్నది. పరిహాసము కాదు. తక్కినవారు కూడ చోటు పెంచక తప్పలేదు. ఇది పోటీ వలన కలిగిన మేలే. కాదనుట సత్యదూరము. గల్ఫ్ దేశములో పనిచేయు కుమారుడు పంపిన మనుమని ఫోటో క్షణములో చూచి మురిసిపోవు తల్లికి ఆ మేలు తెలియును.

కాని ఐదువందల రెట్లు ఎక్కువ ఇచ్చి ఒక్క పైసా తీసుకొననివాడు బ్రతుకుట ఎట్లు? ఉచిత భోజనము పెట్టు సత్రమునకు కూడ దాత ఒకడుండవలయును గదా. ఇచ్చట దాత ప్రకటనదారుడు. అతడు కొనునది మన దృష్టి. జీమెయిలు ప్రారంభమైన నాటి నుండి, ఉత్తరములలోని మాటలను యంత్రముచే పరిశీలింపజేసి తదనుగుణమైన ప్రకటనలను ప్రక్కన చూపెడివారు. చదువునది యంత్రమే గాని మనిషి కాదని కంపెనీ సమర్థించుకొన్నది. ప్రకటనల కొరకు ఆ విధముగా పరిశీలించుట మానెదమని 2017లో గాని ఆ కంపెనీ ప్రకటింపలేదు. పదమూడేండ్లు! పరుల ఉత్తరమును విప్పిన తపాలా ఉద్యోగికి 1898 నాటి పోస్టాఫీసు చట్టము జైలుశిక్ష విధించినది. అదే పనిని యంత్రముతో చేసినవాడు ప్రపంచములోకెల్ల గొప్ప సంస్థయైనాడు. ఈ రెండు ధర్మముల మధ్య తేడాను తపాలా సోదరులు ఆలోచింపవలయును.

ఇక పోటీ సంగతి. బోర్డులు వేరైనను వంటిల్లు ఒకటే అగుట ఈ రంగములో సాధారణము. 2000 నుండి 2004 వరకు యాహూ శోధన వెనుక పనిచేసినది గూగుల్ ఇంజనే. ఆ గూగులే పిదప యాహూను మించిపోయినది. 2009 ఒప్పందముతో యాహూ శోధన మైక్రోసాఫ్ట్ వారి బింగ్ ఇంజను మీద నడువసాగినది. రైల్వే ఉద్యోగికి దీనిని వివరింపనక్కరలేదు. బోగీల మీద రంగులు మారినను లాగునది ఒకే ఇంజనైనచో, అది రెండు బండ్ల పోటీ కాదు.

వాకిలి కొన్నవాడిదే ఊరు

"నచ్చనిచో మరియొక సేవకు మారవచ్చును గదా" అను వాదము కలదు. దీనిపై అమెరికా న్యాయస్థానమే తీర్పు చెప్పినది. శోధన రంగములో గూగుల్ తన గుత్తాధిపత్యమును చట్టవిరుద్ధముగా నిలుపుకొన్నదని 2024 ఆగస్టు 5న న్యాయమూర్తి అమిత్ మెహతా నిర్ణయించినారు. 2020 నాటికి అమెరికాలో సాధారణ శోధనలలో సుమారు 90 శాతము ఆ ఒక్క కంపెనీ ద్వారానే జరుగుచుండెనని తీర్పులో తేలినది. ఫోనులలో, బ్రౌజర్లలో తన ఇంజనే ముందుగా అమర్చి ఉండునట్లు ఇతర కంపెనీలకు 2021 ఒక్క సంవత్సరములో చెల్లించిన సొమ్ము 2,630 కోట్ల డాలర్లు. సేవ గొప్పదైనచో ప్రజలే వెదకికొని వత్తురు గదా! వాకిలి కొనుటకు ఇంత సొమ్మేల? హైదరాబాదులో పుట్టి మైక్రోసాఫ్ట్ అధిపతియైన సత్య నాదెళ్ల 2023 అక్టోబరులో ఆ న్యాయస్థానములో సాక్ష్యమిచ్చుచు, మారుటకు స్వేచ్ఛ కలదను మాట నామమాత్రమేయని చెప్పినారు. ఒకనాడు కంప్యూటర్లలో తన బ్రౌజరును ముందుగా జొప్పించినందుకు అమెరికా ప్రభుత్వముచే కోర్టుకీడ్వబడిన కంపెనీ అదే అనుట మరువరాదు. అత్తగా ఉన్ననాడు లేని న్యాయము కోడలైననాడు గుర్తుకు వచ్చినది.

2025 సెప్టెంబరు 2న అదే న్యాయమూర్తి పరిహారము ప్రకటించినారు. ప్రత్యేక ఒప్పందములను నిషేధించినారు. కొంత సమాచారమును పోటీదారులకు ఇవ్వవలెనన్నారు. క్రోమ్ బ్రౌజరును అమ్మవలెనను ప్రభుత్వ కోరికను మాత్రము అంగీకరింపలేదు. మన దేశములోను కాంపిటీషన్ కమిషను 2018 ఫిబ్రవరిలో శోధన ఫలితములలో పక్షపాతమునకు గాను గూగుల్ మీద సుమారు 136 కోట్ల రూపాయల జరిమానా విధించినది. 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ ఫోనుల విషయములో సుమారు 1,338 కోట్లు, వారము తిరుగక మునుపే ప్లే స్టోర్ విషయములో సుమారు 936 కోట్లు విధించినది. ఇవన్నియు కంపెనీకి, కంపెనీకి మధ్య న్యాయము కొరకు జరిగినవి. అట్టి న్యాయము అవసరమే. కాని బుధ్వారీ బజారు వద్ద ప్లాస్టిక్ సంచితో కూర్చున్న మనిషి ఏ కోర్టులోను వాది కాడు. ఆబోతుల పోట్లాటలో లేగల కాళ్ళు విరుగునను సామెత ఇచ్చట అక్షరసత్యము.

శోధన ఫలితములలో పైన కనబడునదే నిజమని నమ్మి మోసపోయిన మనవారు కూడ ఉన్నారు. టిక్కెట్టు సొమ్ము వాపసు కొరకు, బ్యాంకు సహాయము కొరకు నంబరు వెదకగా, దొంగలు పెట్టిన నంబరు పైన కనబడును. దానికి ఫోను చేసినచో ఖాతా ఖాళీ. రైల్వే సహాయమునకు 139, సైబరు మోసముపై ఫిర్యాదుకు 1930 అను నంబర్లను ప్రతి శాఖ తన నోటీసు బోర్డు మీద పెద్ద అక్షరములతో వ్రాయించవలయును. గోడ మీద వ్రాసిన అక్షరమును ఏ ప్రకటనదారుడును క్రిందికి నెట్టలేడు.

మన శాఖలు చేయలేనివా?

"ఇవన్నియు పెద్ద కంపెనీల పనులు, ప్రభుత్వ శాఖల వలన కావు" అనువారున్నారు. వారికి మన శాఖల చరిత్రయే సమాధానము.

జీమెయిలు ప్రకటింపబడుటకు సరిగా రెండు నెలల ముందు, 2004 జనవరి 30న, భారత తపాలా శాఖ ఈ-పోస్ట్ సేవను ప్రారంభించినది. ఆంధ్రప్రదేశ్ సహా కొన్ని రాష్ట్రములలో ముందుగా ప్రయోగము చేసి చూచిన సేవ అది. కంప్యూటరు లేనివాడు సయితము పోస్టాఫీసుకు పోయి, పుటకు 10 రూపాయలు చెల్లించి సందేశము ఇచ్చినచో, అది తీగల మీద పోయి, అవతలి పోస్టాఫీసులో అచ్చయి, పోస్టుమాన్ చేతి మీదుగా గుమ్మము చేరెడిది. ఎంత గొప్ప ఊహ! యంత్రపు వేగము, మనిషి బాధ్యత రెండును అందులో కలవు. అదే ఏడు పుట్టిన జీమెయిలు నేడు ప్రతి ఫోనులో ఉన్నది. ఈ-పోస్ట్ పేరు మన ఇండ్లలోనే ఎందరికి తెలియును? ఆ ఊహను పెంచి, ప్రతి పౌరునికి తపాలా శాఖ ఇచ్చు ఎలక్ట్రానిక్ చిరునామాగా మార్చియుండినచో నేటి చరిత్ర వేరుగా ఉండెడిది. ఓడినది ఉద్యోగి సామర్థ్యము కాదు. పెట్టుబడి పెట్టని విధానము ఓడినది.

రైల్వే సోదరులు మరియొక ఉదాహరణమును ఎరుగుదురు. 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌లోను, అదే సంవత్సరము ఏప్రిల్‌లో రాయపూర్, విశాఖపట్నం, విజయవాడ, కాచిగూడ మొదలగు తొమ్మిది స్టేషన్లలోను గూగుల్ పేరుతో ఉచిత వైఫై వచ్చినది. పేరు గూగుల్‌ది, పట్టాల ప్రక్కన పరచిన ఆప్టికల్ ఫైబరు ప్రభుత్వరంగ రైల్‌టెల్‌ది. 2020లో ఆ కంపెనీ తాను తప్పుకొనెదనని ప్రకటించినది. సేవ ఆగినదా? ఆగలేదు. రైల్‌టెల్ నడిపినది. పేరు పోయినది, పునాది నిలిచినది.

2025 మే నెలలో తపాలా శాఖ, ఐఐటి హైదరాబాదు, ఇస్రోకు చెందిన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రముల తోడ్పాటుతో డిజిపిన్‌ను తెచ్చినది. దేశములోని ప్రతి నాలుగు మీటర్ల గడికి పది అక్షరముల గుర్తు! 1972 ఆగస్టు 15న పిన్ కోడ్ ఇచ్చిన శాఖయే నేడు నేలమీద అంగుళ మంగుళమునకు చిరునామా ఇవ్వగలిగినప్పుడు, మనిషికి ఒక ఎలక్ట్రానిక్ చిరునామా ఇవ్వలేదా?

ప్రభుత్వము తన అధికారుల కొరకు ఈ సమస్యను ఇప్పటికే గుర్తించినది. కేంద్ర ప్రభుత్వపు సుమారు 12 లక్షల ఉద్యోగుల ఈమెయిళ్ళు చెన్నైకి చెందిన జోహో సంస్థ వేదిక మీదికి మారినవని 2025 అక్టోబరులో వెల్లడియైనది. మన రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ తాను జోహో సాధనములకు మారుచున్నట్లు 2025 సెప్టెంబరులో ప్రకటించినారు. విదేశీ కంపెనీ పోయి స్వదేశీ కంపెనీ వచ్చినదని కొందరు సంతసించుచున్నారు. నేను సంతసించు విషయము వేరొకటి. ఆ ఏర్పాటులో చిరునామా చివర ప్రభుత్వపు పేరే నిలిచినది. యంత్రములను నడుపు కాంట్రాక్టరు రేపు మారినను అధికారి చిరునామా మారదు. ఇదే సరియైన పద్ధతి. మరి ఆ పద్ధతి ట్రాక్‌మన్‌కు, గేట్‌మన్‌కు, గ్రామీణ డాక్ సేవకునికి, పింఛనుదారునికి ఏల వర్తింపరాదు? నేను తిరుగు శాఖలలో వీరి చేతిలో అట్టి చిరునామాను నేనింతవరకు చూడలేదు. వారు ఫారములలో వ్రాయునది ఏదో ఒక కంపెనీ ఇచ్చిన ఉచిత చిరునామానే.

ఉచితమైనది ఎంతకాలము నిలుచును? రెండు సంవత్సరములు వాడని ఖాతాలను తొలగించెదమని గూగుల్ 2023లో ప్రకటించి, అదే ఏడు డిసెంబరు నుండి అమలు ప్రారంభించినది. కంపెనీ లెక్కలో అది ఖాళీ పెట్టె. పింఛనుదారుని లెక్కలో అది అతని వేలిముద్ర వంటిది. యాహూలో 2013లో జరిగిన దొంగతనములో మూడు వందల కోట్ల ఖాతాలును చిక్కినవని ఆ కంపెనీ చెప్పినది 2017లో! ఏండ్ల తరబడి ఖాతాదారులు నిద్రపోయినారు, దొంగ మేల్కొని ఉన్నాడు.

నంబరుకు గల హక్కు చిరునామాకు లేదా?

2011 జనవరి 20 నుండి మన దేశమంతటను మొబైలు నంబరు మార్చుకొనకయే కంపెనీని మార్చుకొను హక్కు వచ్చినది. అంతకు మునుపు, నంబరు పోవునను భయముతోనే జనులు నచ్చని కంపెనీకి కట్టుబడి ఉండిరి. ఆ హక్కు ఆకాశము నుండి ఊడిపడలేదు. నియంత్రణ సంస్థ ఆదేశించినది, కంపెనీలు తలయొగ్గినవి. నిజమైన పోటీ అనగా అది. ఉద్యోగి చిరునామాను తన వెంట తీసుకొనిపోగలిగిననాడే కంపెనీలు అతని కొరకు పోటీపడును. అంతవరకు పోటీ అతనిని పట్టి బంధించుటకే. 2019 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లులో తన సమాచారమును వేరొక చోటికి తరలించుకొను హక్కు ఉండెను. 2023లో చట్టమైనప్పుడు ఆ హక్కు కనబడలేదు. దీనిపై కార్మికోద్యమము కూడ తగినంతగా మాట్లాడలేదని ఒప్పుకొనవలయును.

ఆత్మవిమర్శ మరికొంత అవసరము. 1980ల దశకములో కంప్యూటర్లు వచ్చుచున్నప్పుడు మన సంఘములలో కొన్ని వాటిని పూర్తిగా వ్యతిరేకించినవి. ఉద్యోగములు పోవునను భయము అకారణము కాదు. కాని యంత్రము రాకుండ ఆపుట మీద పెట్టిన శక్తిని, యంత్రము ఎవరి చేతిలో ఉండవలెనను దాని మీద పెట్టలేదు. ఆ పొరపాటును మరల చేయరాదు. 1974 మే సమ్మెలో, ఇరువది దినములు, వార్త ఒక స్టేషను నుండి మరియొక స్టేషనుకు చేతి చీటీల మీద ప్రాకెడిదని మా నాన్నగారు చెప్పెడివారు. నేడు మన శాఖల సర్క్యులర్లు, సభ్యుల జాబితాలు, అంతరంగిక చర్చలు అన్నియు ఏదో ఒక కంపెనీ ఉచిత పెట్టెలో ఉన్నవి. సర్క్యులరు ఫోనులో పంపినామని, నోటీసు బోర్డును బూజు పట్టనిచ్చుచున్నాము. "పంపినాము, మీరు చూడలేదు" అను మాటను అధికారి నోట విని కోపించు మనము, అదే మాటను మన సభ్యునితో అనుచున్నాము.

మన కోరికలు

నేను యంత్రమునకు వ్యతిరేకిని కాను. ఈమెయిలు వద్దనుట లేదు. కోరునవి ఇవి.

1. ప్రతి రైల్వే, తపాలా ఉద్యోగికిని, గ్రామీణ డాక్ సేవకునికిని, పింఛనుదారునికిని ప్రభుత్వపు పేరుతో అంతమగు శాశ్వత ఎలక్ట్రానిక్ చిరునామా ఇవ్వవలయును. పదవీ విరమణతో అది రద్దు కారాదు. యంత్రములను నడుపు కంపెనీ మారినను చిరునామా మారరాదు.

2. ప్రైవేటు కంపెనీ ఈమెయిలును ఏ ఫారములోను తప్పనిసరి చేయరాదు. ఆ గడి ఖాళీగా ఉన్నదని దరఖాస్తును త్రోసిపుచ్చరాదు.

3. జీతము, వైద్యము, పింఛను, క్రమశిక్షణ చర్య – వీనికి సంబంధించి గడువు విధించు ఏ నోటీసైనను ఈమెయిలుతో పాటు కాగితము మీద, అందినట్లు రుజువుతో పంపవలయును. గడువును అందిన దినము నుండియే లెక్కింపవలయును.

4. చిరునామా పోగొట్టుకొన్నవాడు తిరిగి పొందుటకు ప్రతి హెడ్ పోస్టాఫీసులోను, ప్రతి డివిజను కార్యాలయములోను మనిషి కూర్చున్న కౌంటరు ఉండవలయును. ఇంటి గుమ్మము వద్ద పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రమును తీసుకొనుచున్న పోస్టుమాన్‌కు ఈ పని అసాధ్యము కాదు. దానికి తగిన సిబ్బందిని నియమింపవలయును.

5. ఈ చిరునామాలలోని ఉత్తరములకు, మూసిన కవరుకు గల గోప్యత ఉండవలయును. 1898 చట్టము స్థానములో 2024 జూన్ 18 నుండి అమలులోనికి వచ్చిన 2023 పోస్టాఫీసు చట్టము, ఉత్తరములపై తపాలా శాఖకు గల ఏకైక హక్కును తొలగించినది. ప్రభుత్వము ఉత్తరమును అడ్డగించు అధికారమును మాత్రము నిలుపుకొన్నది. కావున యజమానియే ఇచ్చు చిరునామా మీద యజమాని నిఘా లేకుండ స్పష్టమైన నిబంధన వ్రాతపూర్వకముగా ఉండవలయును. యూనియను వ్యవహారములకు ఆ చిరునామాను వాడుకొనుమని నేను చెప్పుట లేదు. దానికి మన సంఘము తన సొంత ఏర్పాటు చేసికొనవలయును.

ప్రతి శాఖ రానున్న సర్వసభ్య సమావేశములో ఈ కోరికలపై తీర్మానము చేసి కేంద్ర కార్యాలయమునకు పంపగోరుచున్నాను. అంతవరకు ఊరకుండనక్కరలేదు. ఆదివారము ఒక గంట కేటాయించి, యువ ఉద్యోగులు తమ క్వార్టర్ల వరుసలోని పింఛనుదారుల ఇండ్లకు పోయి, వారు ఫారములలో ఏ చిరునామా వ్రాసినారో, దాని తాళము ఎవరి వద్ద ఉన్నదో, దానికి కట్టిన ఫోను నంబరు బ్రతికియున్నదో లేదో చూచి, ఒక నోటు పుస్తకములో వారి చేతనే వ్రాయించి వారి పెట్టెలోనే దాచవలెను. బిలాస్‌పూరులో మేము ఈ పని మొదలు పెట్టినాము. మొదటి వరుసలో తిరిగిన యువకులు తెరువలేని పెట్టెలను అనేకము చూచి వచ్చినారు.

శోధన ఇంజన్లలోనికి ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చినది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినది మొదలు కంపెనీల మధ్య క్రొత్త పరుగు ప్రారంభమైనది. ఎవరు గెలుతురో చెప్పుట నా పని కాదు. ఎవరు గెలిచినను మన చిరునామా వారి జేబులో ఉండరాదు.

మొన్న ఆ వృద్ధుడు మరల వచ్చినాడు. ఫైలు తెరచినట్లు కార్యాలయము నుండి కాగితము వచ్చినదట. పోస్టుమాన్ తెచ్చి ఇచ్చినాడట. "ఇది అందింది బావూ, సంతకం కూడా ఎట్టినాను" అని ఆ కవరును నా చేతికిచ్చినాడు. కవరు మీద ఆయన పేరు, ఆయన వీధి, ఆయన పిన్ కోడ్ ఉన్నవి. మధ్యలో ఏ కంపెనీ పేరును లేదు.